టీనేజర్ల కోసం మూడ్ యాప్ చేశాం.. ముందు తీసేయాల్సి వచ్చింది స్ట్రీక్‌నే!

గత ఏడాది ముగ్గురు ఫ్రెండ్స్‌తో కలిసి వీకెండ్స్‌లో ఓ మూడ్ ట్రాకర్ యాప్ చేశాను. టీనేజర్లు ఆ రోజు ఎలా గడిచిందో ఎమోజీతో మార్క్ చేసి, రెండు లైన్లు రాసుకోవచ్చు. మా మొదటి టెస్టర్ మా పిన్ని కూతురు. ఇంటర్ సెకండియర్, ఎంపీసీ.

రెండు వారాలయ్యాక "యాప్ ఎలా ఉందే?" అని అడిగా. "తీసేశా అన్నయ్యా" అంది.

"వీక్లీ టెస్ట్ పోయిన రోజు ఏమీ రాయబుద్ధి కాలేదు. మర్నాడు చూస్తే స్ట్రీక్ సున్నా. ఇక్కడ కూడా ఫెయిలేనా అనిపించింది. పైగా రాత్రి లాక్ స్క్రీన్ మీద 'ఈ రోజు బాధగా ఉన్నావా?' అని వస్తే అమ్మ చూసి గంటసేపు క్లాస్ పీకింది."

ఆ రెండూ మేం గొప్పగా చెప్పుకున్న ఫీచర్లే!

స్ట్రీక్ ఎందుకు వద్దు?

భాషలు నేర్పే యాప్స్‌లో స్ట్రీక్ బాగానే పనిచేస్తుంది. కానీ మనసు బాగోలేని రోజే పిల్లలు ఇలాంటి యాప్ తెరవరు. సరిగ్గా ఆ రోజే పెనాల్టీ వేస్తే ఎలా? ఇప్పుడు ఎన్నాళ్లకు వచ్చినా ఆ రోజు పేజీ తెరుచుకుంటుంది, అంతే.

రాసింది ఫోన్ దాటదు

నోటిఫికేషన్లు డిఫాల్ట్‌గా ఆఫ్. ఆన్ చేసినా లాక్ స్క్రీన్ మీద మ్యాటర్ కనిపించదు. ఫ్లాగ్ సెక్యూర్ పెట్టడంతో స్క్రీన్‌షాట్ రాదు. అకౌంట్ లేదు, సర్వర్ లేదు, ఆండ్రాయిడ్ ఆటో బ్యాకప్ కూడా ఆపేశాం. మైనస్ ఏంటంటే, ఫోన్ పోతే రాసుకున్నదంతా పోతుంది.

అయినా ఇదే బెటర్ అనుకున్నాం. యూజర్ల ఆరోగ్య వివరాలను ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ లాంటి వాటికి ఇచ్చిందన్న ఆరోపణపై 2023లో అమెరికా ఎఫ్‌టీసీ బెటర్‌హెల్ప్‌తో 78 లక్షల డాలర్లు కట్టించింది. మన 2023 డీపీడీపీ చట్టం కూడా 18 ఏళ్లలోపు వాళ్లను ట్రాక్ చేయడం, టార్గెటెడ్ యాడ్స్ చూపించడం కుదరదంటోంది.

తెలుగు దగ్గర బోల్తా పడ్డాం

ప్రమాదకరమైన మాటలు టైప్ చేస్తే హెల్ప్‌లైన్ చూపించేలా ఇంగ్లీష్ కీవర్డ్స్ పెట్టాం. కానీ మా చెల్లి ఇంగ్లీష్ అక్షరాల్లో తెలుగు రాస్తుంది. 'ఏం బాలేదు' అనే మాటకే నాలుగు స్పెల్లింగ్‌లు! మా లిస్ట్ ఒక్కటీ పట్టుకోలేదు. సాయం అవసరమైన రోజు యాప్ గమ్మున ఉండిపోతే? ఆ ఊహకే భయమేసింది.

అందుకే ఊహించే పని మానేశాం. ఇప్పుడు ప్రతి స్క్రీన్ కింద 'ఎవరితోనైనా మాట్లాడాలి' బటన్ ఉంటుంది. నొక్కితే రెండే ఆప్షన్లు. ఒకటి, 2022లో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ 14416. ఇది 24 గంటలూ ఉచితం, తెలుగులోనూ మాట్లాడొచ్చు. రెండోది, యూజరే ముందుగా సేవ్ చేసుకున్న నమ్మకమైన నంబర్.

యాప్ డాక్టర్ కాదు. మనిషి దగ్గరికి దారి చూపిస్తే దాని పని అయిపోయినట్టే. మీ ఇంట్లో పిల్లలకు ఇలాంటి యాప్ వేసేముందు మూడు చూడండి: డేటా ఎక్కడ దాస్తోంది, యాడ్స్ ఉన్నాయా, మనిషితో మాట్లాడే బటన్ ఎన్ని ట్యాప్‌ల దూరంలో ఉంది.

చెల్లి మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకుంది. ఎవరి నంబర్ పెట్టిందో నేను అడగలేదు. మొన్న రాత్రి 11 గంటలకు ఫోన్ చేసి "ఏం లేదన్నయ్యా, ఊరికే" అంది. నలభై నిమిషాలు మాట్లాడుకున్నాం.