4.3 పోటీ క్రీడలు – యువ క్రీడాకారుల మానసిక ఆరోగ్యం

ఆటలు పిల్లలకు మంచి నిద్రను, స్నేహాన్ని, ఆత్మవిశ్వాసాన్ని ఇస్తాయి. అయితే ఆట పోటీగా మారినప్పుడు మనసుపై వేరే రకమైన భారం పడుతుంది. ఆ భారం ఎలా పుడుతుందో ఈ భాగంలో పరిశీలిద్దాం.

ఉత్తరాంధ్రకు వెయిట్‌లిఫ్టింగ్‌తో గాఢమైన అనుబంధం ఉంది. శ్రీకాకుళం జిల్లాకు చెందిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం గెలిచారు. విజయనగరం జిల్లా కొండవెలగాడకు చెందిన మత్స సంతోషి 2014 కామన్‌వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో మూడో స్థానం పొందారు. స్వర్ణం గెలిచిన నైజీరియా క్రీడాకారిణి నిషేధిత మందుల పరీక్షలో పట్టుబడగా, సంతోషికి రజతం దక్కింది. పతకం కోల్పోయిన ఆ అమ్మాయి వయసు 16 ఏళ్లే. ఆమె శరీరంలో దొరికినవి మూత్రం ఎక్కువయ్యేలా చేసే మందులు.

ఉదాహరణ

అనకాపల్లి నుంచి పోటీకి వెళ్లిన పదిహేనేళ్ల అమ్మాయిని ఊహించుకోండి. తన విభాగంలో నిలవాలంటే బరువు మించకూడదు. అందుకని ముందురోజు నుంచి అన్నం, నీళ్లు తగ్గించింది. పోటీకి రెండు గంటల ముందు బరువు చూశారు. స్నాచ్‌లో మూడు అవకాశాలూ విఫలమయ్యాయి. నిబంధన ప్రకారం ఇక ఆమెకు మొత్తం స్కోరే లేదు. నెలల సాధన కొన్ని నిమిషాల్లో ముగిసింది. ఇంటికి వచ్చాక అందరూ అడిగేది ఒక్కటే: “పతకం వచ్చిందా?”

ప్రభావాలు

1. ఆందోళన: ఇది రెండు రకాలు. “ఓడిపోతే ఏమంటారో” అనే ఆలోచన మానసికమైనది. గుండెదడ, చేతుల వణుకు శారీరకమైనవి.
2. బర్నవుట్: తీరని అలసట, ఏమీ సాధించలేదన్న భావన, ఆటపై విలువ తగ్గడం దీని మూడు లక్షణాలు.
3. ఏకైక గుర్తింపు: “నేను లిఫ్టర్‌ని మాత్రమే” అనుకునే పిల్లలు గాయపడినా, ఎంపిక కాకపోయినా తమనే కోల్పోయినట్లు బాధపడతారు.

ఒత్తిడి పెద్ద క్రీడాకారులకూ తప్పదు. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో సిమోన్ బైల్స్ మానసిక ఆరోగ్యం కోసం కొన్ని పోటీల నుంచి తప్పుకున్నారు. ఆమె 2024 పారిస్‌లో తిరిగి స్వర్ణాలు గెలిచారు. అంటే, ఆగడం ఓటమి కాదు.

మీరు చేయగలిగింది

మీరు తల్లిదండ్రులైనా, వ్యాయామ ఉపాధ్యాయులైనా, ఫలితం కంటే ముందు “అన్నం తిన్నావా? ఎలా అనిపించింది?” అని అడగండి. పెరిగే వయసులో బరువు తగ్గించమని ఒత్తిడి చేయకండి. వారంలో ఒక విశ్రాంతి రోజు ఉంచండి. నిద్ర పట్టకపోవడం, తిండి మానడం, సాధనకు వెళ్లనని మొండికేయడం రెండు వారాలు దాటితే బద్ధకమని తిట్టక వైద్యుల సలహా తీసుకోండి. ప్రభుత్వ టెలి-మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. చనిపోవాలనిపిస్తోందని పిల్లలు అంటే రెండు వారాలు ఆగకండి; వెంటనే సాయం కోరండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. బర్నవుట్ మూడు లక్షణాలను పేర్కొనండి.
2. పై ఉదాహరణలోని అమ్మాయి ఇంటికి వచ్చినప్పుడు మీరు మొదట ఏమంటారు? ఎందుకు?