సేలం మునిసిపాలిటీలో తొరపల్లి రాజాజీ

రాజాజీ అనగానే మనవారిలో చాలామందికి గవర్నరు జనరల్ పదవి గుర్తుకు వస్తుంది. ఆ వెంటనే పొట్టి శ్రీరాములుగారి ఉపవాసమూ గుర్తుకు వస్తుంది. మొదటిది చెప్పుకొని మురిసేవారూ, రెండవది తలచుకొని నొచ్చుకొనేవారూ మన హోసూరు, కృష్ణగిరి తెలుగు ఇండ్లలో ఉన్నారు. ఒక్కొక్కప్పుడు ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. ఈ రెంటికీ ఎంతో ముందు ఆయన ఒక పట్టణానికి కౌన్సిలరుగానూ, ఛైర్మన్‌గానూ పనిచేశారన్న సంగతి మాత్రం పిల్లలకు చెప్పేవారు తక్కువ. నా మట్టుకు నాకు, ఆ మనిషి స్వభావం తెలియాలంటే ఢిల్లీకి కాదు, సేలం మునిసిపల్ కచేరీకి పోవాలనిపిస్తుంది.

చక్రవర్తి రాజగోపాలాచారిగారు 1878 డిసెంబరు 10న హోసూరు తాలూకా తొరపల్లిలో జన్మించారు. తండ్రి ఆ ఊరి మునసబు. తల్లి సింగారమ్మగారు. ఇంటి భాష తమిళం. అయితే హోసూరు సీమలో పుట్టినవాడికి తెలుగు, కన్నడం చెవిని పడకుండా ఎట్లా ఉంటాయి? హోసూరు బడిలో చదువుకొని, బెంగుళూరు సెంట్రల్ కాలేజీకి వెళ్లి, మద్రాసులో లా ముగించి, 1900లో సేలంలో ప్లీడరీ పెట్టారు. సేలమే ఎందుకంటే, ఆ కాలంలో మనది సేలం జిల్లా. ధర్మపురి జిల్లా 1965లోనూ, కృష్ణగిరి జిల్లా 2004లోనూ ఏర్పడినవే. అంతవరకూ జిల్లా కోర్టు పని పడితే మనవారందరికీ సేలమే గతి.

ప్లీడరీ బాగా సాగింది. 1911లో మునిసిపల్ కౌన్సిలులో సభ్యులయ్యారు. ఆనాటి కౌన్సిలు ఇప్పటి కౌన్సిలు వంటిది కాదు. 1884 నాటి మద్రాసు చట్టం ప్రకారం కొందరు సభ్యులను పన్ను కట్టేవారు ఎన్నుకొనేవారు, కొందరిని ప్రభుత్వం నియమించేది. ఇల్లూ వాకిలీ లేనివాడికి ఓటే లేదు. కూలివాడు, పాకీపనివాడు ఊరిని శుభ్రంగా ఉంచవలసిందే గాని, ఊరి సంగతి మాట్లాడే హక్కు వారికి లేదు. కౌన్సిలరు పదవి వకీళ్లకు, షాహుకార్లకు ఒక గౌరవం, బండి దిగేటప్పుడు నలుగురు లేచి నమస్కారం పెట్టే హోదా. అంతకు మించి దానితో పని కల్పించుకొన్నవారు తక్కువ.

1917లో రాజాజీ ఛైర్మన్ అయ్యారు. అప్పటికే భార్యను పోగొట్టుకొన్నారు. ఇంట్లో తల్లి లేని ఐదుగురు బిడ్డలు, కచేరీలో కేసులు, వీటిపైన ఊరి కాలువలు, దీపాలు, నీళ్లు. ఆయన ఈ బరువును హోదాగా చూడలేదు.

ఆయన ఛైర్మన్‌గిరీలో నలుగురూ చెప్పుకొనే సంగతి నీటిని గురించినది. అగ్రహారానికి నీళ్లు వదిలే పనిలో ఒక దళితుణ్ణి నియమించారు. ఆనాడు వారిని పంచములని పిలిచేవారు. అగ్రహారం భగ్గుమన్నది. ఆ చేయి తాకిన నీళ్లు మా ఇంట్లో దేవుడి పూజకు ఎట్లా పనికివస్తాయని గోల పెట్టారు. గోల పెట్టినవారు పరాయివారు కాదు. ఆయన కులంవారే, ఆయనతో పంక్తిలో కూర్చున్నవారే. వారికోసం ఆయన ఆ మనిషిని మార్చలేదు.

ఇప్పటి చదువరులకు ఇది చిన్న సంగతిగా కనబడవచ్చు. 1917లో వెలి అంటే ఏమిటో ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే వారిని అడగండి. పెళ్లికి పిలుపు రాదు, తద్దినానికి బ్రాహ్మడు దొరకడు, ఆడపిల్లకు సంబంధం కుదరదు. ఆయన ఇంట్లోనూ ఆడపిల్లలున్నారు. ఇంకొక మాట కూడా గమనించాలి. మీటింగులో లేచి అస్పృశ్యత మహాపాపమని ఉపన్యాసం ఇచ్చి ఉంటే అగ్రహారం చప్పట్లు కొట్టి ఇంటికి పోయేదేమో! ఆయన ఉపన్యాసం జోలికి పోకుండా ఉద్యోగం ఇచ్చారు. ఆ మనిషి పని చేస్తేనే ఇంట్లో నీళ్లు వస్తాయి. ఉపన్యాసాన్ని మరచిపోవచ్చు గాని దాహాన్ని మరచిపోలేము గదా. సేలం మునిసిపాలిటీలో మొదటి దళిత సభ్యుడు ఎన్నిక కావడానికి కూడా ఆయనే కారకులు.

అదే కాలంలో, అరవై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉన్న ఈరోడుకు మరొక ఛైర్మన్ ఉండేవారు. ఆయనే ఇ.వి. రామస్వామి నాయకర్, తరువాత పెరియార్ అని పేరు పొందినవారు. ఇద్దరికీ స్నేహం కలిసింది మునిసిపాలిటీల రోజుల్లోనే. ఒకరు నుదుట నామం దిద్దిన ఆస్తికుడు, మరొకరు దేవుడే లేడన్న నాస్తికుడు. 1938లో హిందీ తగాదాలో ఎదురెదురుగా నిలిచారు. అయినా 1972 డిసెంబరు 25న రాజాజీ కన్నుమూసినప్పుడు, తొంభై దాటిన పెరియార్ శ్మశానం దాకా వచ్చారు.

1919లో రౌలట్ చట్టం వచ్చింది. రాజాజీ ఛైర్మన్ పదవినీ, సేలం ఇంటినీ వదిలి మద్రాసుకు కాపురం మార్చారు. ఆ మార్చి నెలలో గాంధీగారు ఆ మద్రాసు ఇంట్లోనే దిగారు. దేశమంతటా హర్తాళ్ చేయాలన్న ఊహ ఆయనకు కలలో తట్టింది అక్కడే.

పట్టణ సభలో మొదలుపెట్టి దేశాధికారానికి ఎక్కినవారు లోకంలో ఇంకా ఉన్నారు. ఐర్లండు దేశపు విలియం కాస్గ్రేవ్ అందులో ఒకరు. రాజాజీకన్న రెండేళ్లు చిన్న. డబ్లిన్ నగరంలో సారాయి దుకాణం నడిపిన ఇంటి బిడ్డ. 1909లో డబ్లిన్ కార్పొరేషన్‌కు కౌన్సిలరుగా ఎన్నికయ్యారు. ఒక్క గదిలో ఒక్కొక్క సంసారం కుక్కుకొని బ్రతికే పేదల ఇండ్ల సమస్య అక్కడ ఆయన ముందు పడింది. 1916 తిరుగుబాటులో పాల్గొన్నందుకు మరణశిక్ష పడి, తరువాత అది యావజ్జీవంగా మారింది. 1917లో విడుదలయ్యారు. 1922లో స్వతంత్ర ఐర్లండు ప్రభుత్వానికి పెద్ద అయి, పదేళ్లు నడిపి, 1932 ఎన్నికలో ఓడి, ఒకనాడు తమపై అంతర్యుద్ధం చేసిన పక్షానికే మారు మాట లేకుండా అధికారం అప్పగించారు.

అయితే ఇద్దరి దారీ ఒకటి కాదు. కాస్గ్రేవ్ కార్పొరేషన్‌ను వదలలేదు. 1920లో ఐర్లండులోని పట్టణ సభలు ఒకటొకటిగా ఇంగ్లీషు ప్రభుత్వపు శాఖకు లెక్కలు పంపడం మానివేసినప్పుడు, ఆ పనిని నడిపించిన స్థానిక పాలన మంత్రి ఆయనే. రాజాజీ మాత్రం కుర్చీ దిగి రోడ్డెక్కారు. మన దేశంలో కుర్చీ ఎక్కి చూసినవారూ లేకపోలేదు. 1924లో పటేలుగారు అహమ్మదాబాదు మునిసిపాలిటీకీ, చిత్తరంజన్ దాసు కలకత్తా కార్పొరేషన్‌కూ అధ్యక్షులయ్యారు.

తరువాతి కథ అందరికీ తెలిసినదే గనుక త్వరగా చెబుతాను. 1937లో మద్రాసు రాజధానికి ప్రధాని అయిన వెంటనే, అక్టోబరు 1న మద్యనిషేధాన్ని మొదట తన సేలం జిల్లాలోనే పెట్టారు. అంటే మన హోసూరు, కృష్ణగిరి కల్లుపాకలు కూడా ఆనాడే మూతపడవలసి వచ్చింది. 1948 జూన్ నుంచి 1950 జనవరి 26 వరకు గవర్నరు జనరల్. 1952 ఏప్రిల్‌లో మద్రాసు ముఖ్యమంత్రి.

ఆ సంవత్సరం దగ్గర తెలుగువాడి కలం ఆగకుండా పోదు. అక్టోబరు 19న మద్రాసులో శ్రీరాములుగారు ఉపవాసం మొదలుపెట్టారు. ఒకరి ప్రాయోపవేశానికి లొంగి రాష్ట్రాలు ఇవ్వడం కూడదన్నది రాజాజీ పట్టుదల. యాభై ఎనిమిది రోజులకు, డిసెంబరు 15 రాత్రి శ్రీరాములుగారు ప్రాణం వదిలారు. నాలుగు రోజులకు నెహ్రూగారు ఆంధ్ర రాష్ట్రం ప్రకటించారు. మద్రాసు నగరం మాత్రం మనకు రాలేదు. సేలంలో అగ్రహారం కేకలకు చలించని గుణమే మద్రాసులోనూ పనిచేసిందని నా నమ్మకం. అక్కడ ఆయన బలంగలవారి మాట వినలేదు, ఇక్కడ ఆకలితో పడుకొన్నవాడి మాట వినలేదు. గుణం ఒకటే అయినా ఎదుట ఉన్న మనిషి వేరు. మొదటిదాన్ని మెచ్చుకొని రెండవదాన్ని తప్పుపట్టడానికి నాకు సంకోచం లేదు. మన ఇండ్లలో రెండు పక్షాలవారూ కొంత కొంత నిజమే చెబుతున్నారు.

ఇప్పుడు హోసూరే కార్పొరేషన్ అయింది. 2019లో ఆ హోదా వచ్చింది, 2022 ఫిబ్రవరిలో నలభై ఐదు వార్డులకు మొదటి ఎన్నిక జరిగింది. ఇల్లు లేనివాడికీ ఓటుంది. హొగెనకల్ నుంచి కావేరి నీళ్లు తెచ్చే పథకం 2013లో ప్రారంభమైంది. ఆ నీరు ఏ వీధికి ఎప్పుడు వస్తుంది, ఎంతసేపు వస్తుంది, ఎవరి వీధికి ముందు వస్తుంది అన్న తగాదాలు వినని ఇల్లు మనలో ఉందా? అసెంబ్లీ ఎన్నికనాడు పందిరి వేసి కూర్చునే మన పెద్దలు వార్డు ఎన్నికనాడు ఎందుకో ఇంటి అరుగు దిగరు.

తొరపల్లిలో రాజాజీ పుట్టిన ఇంటిని ప్రభుత్వం స్మారక గృహంగా కాపాడుతున్నది. మిద్దె లేని చిన్న పల్లెటూరి ఇల్లు. హోసూరు నుంచి పొద్దున బయలుదేరితే పిల్లలకు చూపించి మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరుకోవచ్చు.