రంగుచేపల పురిటికి ఏ నీళ్ళు?



ఇంట్లో గాజుతొట్టి పెట్టుకుని నాలుగు రంగుచేపల్ని పెంచడం ఇప్పుడు మామూలైపోయింది. పిల్లలు ముచ్చటపడి కొనిపిస్తారు. తీరా మేత వెయ్యడం, తొట్టి కడగడం మాత్రం మన వంతుకే వస్తాయి. కొన్నాళ్ళు పెంచాక, ఇవి పిల్లల్ని పెడితే ఎంత బాగుండును అనే ఆశ పుడుతుంది. మా అమ్మాయికీ, నాకూ అలాగే పుట్టింది. ఆ ఆశతో నేను చేసిన పొరపాట్లు, వాటివల్ల తెలుసుకున్న సంగతులు ఇవాళ మీతో చెప్పుకుంటాను.

మా తొట్టిలో ఏంజెల్ చేపల జంట వుంది. ఒకరోజు పొద్దున్నే చూద్దుము కదా, నిటారుగా వున్న ఆకుమీద గసగసాలంత గుడ్లు వరసగా పెట్టి, రెండూ కాపలా కాస్తున్నాయి! మా అమ్మాయి సంబరం ఇంతా అంతా కాదు. మర్నాటికి గుడ్లన్నీ తెల్లబడి బూజు పట్టాయి. రెండు వారాలకు మళ్ళీ పెట్టాయి, మళ్ళీ అదే కథ. పిల్ల ముఖం చిన్నబుచ్చుకుంది.

మాది హైదరాబాదులో బోరు నీళ్ళమీద బతికే కాలనీ. కందిపప్పు ఓ పట్టాన వుడకదు, బకెట్లకు తెల్లటి పొర కడుతుంది. “నీళ్ళు కఠినంగా వున్నాయమ్మా, మెత్తబరచండి” అన్నాడు చేపల దుకాణం అతను. ఇంకేం, జుట్టు రాలుతోందని స్నానాలగదిలో పెట్టించిన సాఫ్ట్‌నర్ వుండనే వుంది. ఆ నీళ్ళు పట్టి తొట్టిలో పోశాను. సబ్బు నురగైతే బ్రహ్మాండంగా వచ్చింది గాని, గుడ్లు మాత్రం మళ్ళీ తెల్లబడ్డాయి.

అప్పుడు, నీళ్ళలో కరిగిన లవణాలను చూపే టి.డి.ఎస్. పెన్ను ఒకటి కొన్నాను. బోరు నీళ్ళలో ముంచితే 620 చూపింది. సాఫ్ట్‌నర్ నీళ్ళలోనూ ఇంచుమించు అంతే! కారణం తెలిశాక నాకే నవ్వు వచ్చింది. సాఫ్ట్‌నర్‌లో సన్నని పూసల్లాంటి పదార్థం వుంటుంది. అది నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకుని, వాటికి బదులు సోడియంను వదులుతుంది. అందుకే దాన్ని అప్పుడప్పుడు వుప్పునీటితో శుభ్రం చేస్తాం. అంటే అది ఇచ్చిపుచ్చుకోవడమే గాని, తీసివెయ్యడం కాదు. ఏంజెల్, డిస్కస్, నియాన్ టెట్రా చేపల పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ ప్రాంతం. అక్కడి చాలా వాగుల్లో నీళ్ళు దాదాపు వాన నీళ్ళంత తేట, లవణాలు బహు తక్కువ. మన తొట్లలో తరతరాలుగా పెరిగిన ఏంజెల్ చేపలు కఠినజలంలో బతకనైతే బతుకుతాయి. పురిటి దగ్గరే చిక్కు. లవణాలు ఎక్కువైతే గుడ్లు సరిగా ఫలించవు.

కాబట్టి సోదరీ, ఏ యంత్రమైనా కొనేముందు మన నీళ్ళకున్న జబ్బేమిటో తెలుసుకోవాలి. అవి మూడు రకాలు. ఒకటి మురికి, రెండు క్లోరిన్, మూడు కఠినత్వం. ఒకదాని మందు ఇంకోదానికి పనిచెయ్యదు.

ముందు మురికి సంగతి. చేపల విసర్జనలు, మిగిలిన మేత కుళ్ళి అమోనియా అవుతుంది. అది చేపలకు విషం. ఫిల్టరులో పెరిగే మేలుచేసే సూక్ష్మజీవులు దాన్ని నైట్రైటుగా, ఆపైన అంతగా హాని చెయ్యని నైట్రేటుగా మారుస్తాయి. ఇవి స్థిరపడటానికి నెలపైనే పడుతుంది. పురిటితొట్టికి మోటారుతో గట్టిగా లాగే ఫిల్టరు పనికిరాదు, కంటికి ఆనని పిల్లల్ని కూడా లాగేసుకుంటుంది. గాలి పంపుతో నడిచే స్పాంజి ఫిల్టరు చవక, క్షేమం. పాత తొట్టిలో నెలరోజులు నడిచిన స్పాంజిని తెచ్చి పెడితే మరీ మంచిది. నేను ఒకసారి శుభ్రంగా వుంటుందని దాన్ని క్లోరిన్ కలిసిన కుళాయి కింద పిండి కడిగాను. సూక్ష్మజీవులు చచ్చి, నాలుగు రోజుల్లో మూడు చేపలు పోయాయి. స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే జాడించాలి.

ఇక క్లోరిన్. మునిసిపల్ నీళ్ళను వెడల్పాటి పాత్రలో పోసి, గాలి పంపు పెట్టి ఒక రోజు వుంచితే క్లోరిన్ పోతుంది. బొగ్గు ఫిల్టరు కూడా దాన్ని తీసేస్తుంది. కొన్నిచోట్ల క్లోరమిన్ వాడతారు. అది నిలవబెట్టినా అంత తేలిగ్గా పోదు, దుకాణంలో దొరికే విరుగుడు మందు వెయ్యాలి.

మూడోది కఠినత్వం. బొగ్గుగాని, స్పాంజిగాని దీన్ని తగ్గించలేవు. మరగకాచితే కొంత పోతుంది, అంతా పోదు. దీనికి మన వంటింట్లో వున్న ఆర్.ఓ. యంత్రమే మందు. అయితే వుత్త ఆర్.ఓ. నీళ్ళు పొయ్యకూడదు, చేపలకూ కొన్ని లవణాలు కావాలి. చుక్కలమందుతో కఠినత్వం కొలిచే చిన్న కిట్టు దొరుకుతుంది. మా బోరు నీళ్ళు లీటరుకు 320 మిల్లీగ్రాములు తేలాయి. తాగేనీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన కోరదగిన హద్దు 200. ఒక చెంబు బోరు నీళ్ళకు మూడు చెంబులు ఆర్.ఓ. నీళ్ళు కలిపితే సుమారు 80కి దిగాయి. కొన్ని యంత్రాలు చివర్లో మళ్ళీ లవణాలు కలుపుతాయి కనుక మీ లెక్క మీరే కొలిచి చూసుకోండి. ఒక్కసారిగా మార్చకండి, చేపలు తట్టుకోలేవు. రోజూ కొంచెం చొప్పున వారం పట్టనివ్వండి.

ఆర్.ఓ. లీటరు నీళ్ళిస్తే రెండు మూడు లీటర్లు బయటికి పోతాయి. వాటిని నేల తుడవడానికి వాడుకోండి. వానాకాలంలో అయితే మొదటి జల్లులు వదిలేసి, శుభ్రమైన చోట పట్టిన వాన నీళ్ళే కలుపుకోవచ్చు.

ఇంత శ్రమ ఎందుకు అనుకునేవారికి ఒక మాట. గప్పీ, మోలీ చేపలకు కఠినజలమే హాయి. అవి గుడ్లు పెట్టవు, ఏకంగా పిల్లల్నే ఈనుతాయి. వాటికీ సాఫ్ట్‌నర్ నీళ్ళు వద్దు, వాటికి కావలసిన కాల్షియమే పోతుంది. నీళ్ళు మార్చలేనప్పుడు నీళ్ళకు తగిన చేపను తెచ్చుకోవడం తెలివైన పని. ఇంకొకటి, ఏంజెల్ చేపల్లో ఆడ, మగ పోల్చడం కష్టం. రెండూ ఆడవే అయినా గుడ్లు పెడతాయి. అప్పుడు ఏ నీళ్ళు పోసినా అవి తెల్లబడక తప్పదు.

మా జంటలో మాత్రం దోషం నీళ్ళదే. నీళ్ళు మార్చాక పెట్టిన గుడ్లలో సగానికి పైగా మూడోరోజుకి చిట్లి, తోకలు ఆడించాయి. అవి ఈదడం మొదలుపెట్టిన రోజున మా అమ్మాయి కాలేజీకి ఆలస్యంగా వెళ్ళింది. నేను కోప్పడలేదు. నాకూ ఆ పూట పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.

సెలవు.