విద్యుత్సామగ్రి బేరము: గిరాకీ మనది, లాభ మెవరిది?



ధాన్యమునకు గిరాకీ యెప్పుడు హెచ్చునో, యెప్పుడు తగ్గునో మనకు చక్కగా తెలియును. కుప్పనూర్పిళ్లు ముగిసి ఊరి సరకంతయు ఒక్కమారుగా మిల్లుదారి పట్టిననాడు ధర పడును. గాదెలు ఖాళీ యైననాడు లేచును. అమ్ముటలో ఈ సూత్రమును అనుభవముచే నేర్చిన మనము కొనుటలో మాత్రము దానిని మరచుచున్నాము. ఫ్యాను, కూలరు, ఫ్రిజ్జు మొదలగు విద్యుత్సామగ్రి విషయమున ఈ మరపు మిక్కిలిగా కనబడుచున్నందున నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

కొన్ని యేండ్ల క్రిందట మే మెరిగిన సభ్యు డొకరు ఏప్రిల్ నెలలో పట్టణమునకు పోయి ఫ్రిజ్జును, కూలరును కొనిరి. వడ్డీ లేని వాయిదాలని దుకాణదారుడు చెప్పగా సంతోషించి, రబీ ధాన్యపు సొమ్మును పాతబాకీలకు కట్టి, సామగ్రిని పది నెలల వాయిదాలకు తెచ్చుకొనిరి. తొలకరి పడెను. విత్తనములకు, ఎరువులకు రూపాయి కావలసిన వారముననే వాయిదా గడువును వచ్చెను. విత్తనశుద్ధి చేసి చూపుటకై మేము ఆ గ్రామమునకు పోయిన దినమున చుట్టుప్రక్కల చేలన్నియు మొలకెత్తి యుండెను. వారి చేను దున్ని యుంచినది యుంచినట్లే యుండెను. చేబదులు దొరకి విత్తనము వేయుసరికి పదును పోయినది. ఆ యేటి దిగుబడిలో తగ్గిన బస్తాలే వారు కట్టిన నిజమైన వడ్డీ.

వడ్డీ లేని వాయిదా యనునది వాస్తవమున లేదనియు, వడ్డీ తరచుగా రుసుముల రూపమున దాగి యుండుననియు రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు తెలిపి యున్నది. రొక్కమిచ్చువానికి లభించు తగ్గింపు వాయిదాదారునకు లభింపకపోయిన యెడల అదియు వడ్డీయే. కావున రొక్కపు ధర యెంత, రుసుము లెంత, వాయిదాలన్నియు కలిపిన యెంత యని మూడు ప్రశ్నలు వేసి, జవాబులను కాగితముపై వ్రాయించుకొనవలెను.

ఇక గిరాకీ నడకను చూతము. ఫ్యానులకు, కూలర్లకు, ఎ.సి.లకు ఎండకాలమే పంటకాలము. ఫ్రిజ్జులు, టీవీలు, బట్టలుతుకు యంత్రములు దసరా దీపావళులకు విరివిగా అమ్ముడగును. వ్యాపారి ఎండలను నమ్మి ముందుగనే సరకు నింపుకొనును. ఎండ తప్పిన సరకు నిలిచిపోవును. 2025లో రుతుపవనములు మే 24వ తేదీననే కేరళను తాకినవి. ఆ మాసపు అకాలవర్షములచే ఎ.సి.ల అమ్మకములు తగ్గినవి. అదే సంవత్సరము పన్ను తగ్గునని ఆగస్టులో తెలియగానే జనులు కొనుగోళ్లను ఆపివేసిరి. సెప్టెంబరు 22 నుండి ఎ.సి.లపైనను, 32 అంగుళములకు మించిన టీవీలపైనను జి.ఎస్.టి. 28 నుండి 18 శాతమునకు దిగగానే మరల దుకాణములకు పోయిరి. ఫ్రిజ్జులపై పన్ను 2018 జూలైలోనే 18 శాతమునకు దిగినది. 2025లో దిగినది కాదు. ఈ భేదము తెలిసినవాడు బేరములో మోసపోడు.

కొన్న ధరతో ఖర్చు తీరదు. నడుపుటకగు ఖర్చును లెక్కింపవలెను. సేద్యపు మోటారునకు ఉచిత విద్యుత్తు ఉండవచ్చును గాని ఇంటి మీటరు లెక్క వేరు. సాధారణ ఫ్యాను సుమారు 75 వాట్లు, బి.ఎల్.డి.సి. మోటారు గల ఫ్యాను సుమారు 30 వాట్లు వాడును. దినమునకు 12 గంటలు, సంవత్సరమునకు 300 దినములు తిరిగినచో మొదటిదానికి 270 యూనిట్లు, రెండవదానికి 108 యూనిట్లు కావలెను. యూనిట్టు 4 రూపాయ లనుకొనిన ఏటా మిగులునది 648 రూపాయలు. ధరలో 1,500 రూపాయల భేద మున్నదనుకొనినను రెండున్నర యేండ్లలోపుననే తీరిపోవును. 2023 జనవరి 1 నుండి సీలింగు ఫ్యానులకు నక్షత్రముల చీటీ తప్పనిసరి యైనది. చీటీపై నక్షత్రములతో పాటు అది చెల్లు కాలమునుగూడ చూడవలెను.

ఒంటరి కొనుగోలుదారునకు లేని బలము సమూహమునకు గలదని ఎల్.ఇ.డి. దీపములు నిరూపించినవి. 2014లో ప్రభుత్వ సంస్థ దీప మొక్కింటికి సుమారు 310 రూపాయలు చెల్లించెను. అందరి గిరాకీని ఒక్కటిగా చేర్చి టెండర్లు పిలువగా 2016 నాటికి ఆ ధర 40 రూపాయలకు లోపడినది. 2015 జనవరిలో ఆరంభమైన ఉజాలా పథకముచే 36 కోట్లకు పైగా దీపములు ఇండ్లకు చేరినవి. పరిశ్రమ పెరుగుటయు ధర తగ్గుటకు తోడ్పడినది గాని, గిరాకీని కూడగట్టుట సహకారసూత్రమే గదా!

కావున మా మనవి యిది. ప్రతి సంఘమును ఒక పుస్తకము తెరచి, రాబోవు ఏడాదిలో ఎవరికేమి కావలెనో వ్రాసికొనవలెను. ఎండలకును పండుగలకును నడుమ గల మందకాలమున ముగ్గురు వర్తకుల నుండి ధరపత్రములు తెప్పింపవలెను. రవాణా ఖర్చు, హామీకాలము, మరమ్మతు చేయువాడు గ్రామమునకు వచ్చునా లేదా యను సంగతులు అందుండవలెను. విత్తనమునకును, ఎరువునకును సొమ్ము ప్రక్కన పెట్టిన సభ్యుని పేరే పట్టికలో చేర్చవలెను.

పైన జెప్పిన సభ్యుడు తమ అనుభవమును ఈ పత్రికలో వ్రాయుమని తామే కోరిరి. ఇంటికి కొత్త ఫ్యాను కావలసి యున్నను, సంఘమువారు పుస్తకము తెరచువరకు వేచియుందు ననియు, మొదటి పేరు తమదే వ్రాయవలె ననియు చెప్పిరి. రెండవ పేరు ఎవరిదో సభ్యులే నిర్ణయింతురు గాక.