హీట్ పంపు వాటర్ హీటరు - సౌరవిద్యుత్తుతో వాడకం

హీట్ పంపు వాటర్ హీటరు అనగా చుట్టూ ఉన్న గాలిలోని వేడిని గ్రహించి నీటికి అందించే విద్యుత్ పరికరము. ఇది రిఫ్రిజిరేటరు సూత్రముపైనే పనిచేస్తుంది. ఇంటిపై సౌర ఫలకాలు ఉన్నచోట దీనిని పగటివేళ నడపడం లాభదాయకం.

విద్యుత్ వినియోగం

200 లీటర్ల నీటిని 20 నుండి 60 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేయడానికి సుమారు 9.3 యూనిట్ల ఉష్ణశక్తి అవసరం. సాధారణ గీజరు కనీసం అంత విద్యుత్తును వాడుకుంటుంది. ఒక యూనిట్ విద్యుత్తుతో మూడు యూనిట్ల వేడినిచ్చే హీట్ పంపుకు 3.1 యూనిట్లు చాలును.

వేళల నిర్ణయం

ఆస్ట్రేలియాలో చాలాకాలం పాటు రాత్రివేళ చౌకగా లభించే విద్యుత్తుతో అనేక ఇళ్ళలో నీటిని వేడిచేసేవారు. సౌర ఫలకాల వాడకం పెరిగిన తరువాత అక్కడ మధ్యాహ్నపు విద్యుత్తు మిగలసాగింది. అందువలన టైమరు అమర్చి, హీట్ పంపును ఎండ బాగా ఉన్న వేళలో నడుపుతారు. పగటి గాలి వెచ్చగా ఉండుటచే దాని సామర్థ్యము కూడా పెరుగుతుంది. వేడి బయటకు పోకుండా కట్టుదిట్టం చేసిన ట్యాంకులో నీరు మరునాటి ఉదయం వరకు వెచ్చగా నిలుస్తుంది. ఈ విధంగా ట్యాంకే బ్యాటరీ వలె ఉపయోగపడుతుంది.

జాగ్రత్తలు

పొదుపు కొరకు నీటి ఉష్ణోగ్రతను మరీ తగ్గించరాదు. గోరువెచ్చని నిలువ నీటిలో న్యుమోనియాను కలిగించే లీజియోనెల్లా బాక్టీరియా పెరుగుతుంది. దీనిని నివారించుటకు నీటిని 60 డిగ్రీల వరకు వేడిచేస్తారు. మబ్బు పట్టిన రోజులలో ఇందుకు గ్రిడ్ విద్యుత్తును వాడవలసి ఉంటుంది.