లోహవిహంగాల ఊరూ పేరూ

విశాఖపట్టణంలోని సాగరతీర మార్గాన నడిచేవారికి అల్ప దూరంలోనే రెండు వింతలు దర్శనమిస్తాయి. ఒకటి ఇసుకపై నిలిపిన ‘కురుసుర’ జలాంతర్గామి. 2002 నుండి అది ప్రదర్శనశాలగా ఉన్నది. దానికి ఎదురుగా రెక్కలు చాచి నిలిచినది ‘టి.యు. 142’ విమానం. జలాంతర్గాములను సముద్రగర్భంలో వెదకి వేటాడడమే ఈ విమానం పని. జీవితకాలమంతా పరస్పరం శత్రుజాతులైన వేటగాడూ వేటా విశ్రాంతి దశలో ఇరుగుపొరుగులైనారు.

సోవియట్ దేశంలో తయారైన ఈ జాతి విమానాలు ఎనిమిది 1988లో భారత నౌకాదళంలో చేరాయి. మొదట గోవా, 1992 నుండి చిత్తూరు సీమకు పొరుగున ఉన్న తమిళనాటి అరక్కోణం వాటికి స్థావరాలు. ఇరవైతొమ్మిదేళ్ళు హిందూ మహాసముద్రంపై పహరా కాసి, 2017 మార్చి 29న అవి సేవ నుండి విరమించాయి. వాటిలో ఒకటి ఏప్రిల్‌లో విశాఖకు ఎగిరివచ్చింది. దాని పొడవు సుమారు 53 మీటర్లు. రెక్కల విస్తృతి 50 మీటర్లు. అంతటి కాయాన్ని వీధుల వెంట యథాతథంగా తరలించడం అసాధ్యం. అందుచేత భాగాలుగా విడదీసి, తీరానికి చేర్చి, మరల కూర్చారు. 2017 డిసెంబరు 7న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దానిని ఆవిష్కరించారు.

సంరక్షణ ఇంతటితో ముగిసిందని భావించరాదు. నిజానికి అది అప్పుడే మొదలైంది. ఎగిరే విమానానికి నిత్యం పరీక్షలుంటాయి. నిలిచిపోయిన విమానాన్ని పలకరించేవారు తక్కువ. దాని దేహం అధికభాగం అల్యూమినియం మిశ్రలోహం. బందులు, మేకులు కొన్ని ఉక్కువి. ఉప్పుతేమ సోకినచోట ఈ రెండు లోహాల కలయికే అల్యూమినియాన్ని తినివేయడం ఆరంభిస్తుంది. పైన రంగు నిగనిగలాడుతున్నా లోపల రేకు తెల్లని పొడిగా మారి పొరలుగా లేచిపోతుంది. వాననీరు లోపల నిలువకుండా రంధ్రాలు తెరచి ఉంచడం, పక్షులు గూళ్ళు కట్టకుండా యంత్రాల ముఖాలు మూయడం, చక్రాలపై భారం పడకుండా ఊతలు నిలపడం, ఉప్పును మంచినీటితో కడగడం ఇందుకు మార్గాలు. ఇవి చూడడానికి అల్పములైన పనులే. కాని ఒక్క వర్షాకాలం అశ్రద్ధ చేసినా పోయిన లోహం తిరిగి రాదు.

ఇక గుర్తింపు మాట. ఇందులో రెండు మెట్లున్నాయి. జాతిని గుర్తించడం మొదటిది. వెనుకకు వాలిన రెక్కలు, ఒక్కొక్క యంత్రానికి ఒకదాని వెనుక ఒకటిగా అమర్చి ఎదురెదురు దిశల్లో తిరిగే జంట పంఖాలు, తోక శిఖరం నుండి వెనుకకు పొడుచుకువచ్చిన కడ్డీ టి.యు. 142ను పట్టి ఇస్తాయి. నీటి అడుగున ఉన్న ఉక్కు కాయం వల్ల భూమి అయస్కాంతత్వంలో కలిగే స్వల్ప భేదాన్ని పసిగట్టే సాధనం ఆ కడ్డీలోనే ఉంటుంది.

ఆ జాతిలో ఈ వ్యక్తి ఎవరో తేల్చడం రెండవ మెట్టు. అసలు కష్టం ఇక్కడే. తాళపత్ర గ్రంథానికి ఆశ్వాసాంత గద్య ఉన్నట్లే విమానానికీ కర్మాగారంలో బిగించిన ఫలకం ఉంటుంది; దానిపై నిర్మాణ సంఖ్య చెక్కి ఉంటుంది. తోకపై రంగుతో రాసిన సంఖ్య కాలక్రమంలో మారవచ్చు. ఒక విమానపు రెక్క మరొకదానికి అమరవచ్చు. కడపలో పండితులను కూర్చోబెట్టి, ఒకే కావ్యానికి గల పలు ప్రతులను సరిపోల్చి చూపించిన సి.పి. బ్రౌన్ ఎదుర్కొన్న చిక్కు వంటిదే ఇదీ: ఏది మూలం, ఏది తరువాత చేరినది?

లిబరేటర్ల కథ ఇందుకు చక్కని సాక్ష్యం. రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక ఈ భారీ బాంబరు విమానాలను కాన్పూరులో పనికిరాకుండా పాడుచేసి వదలిపోయారు. బెంగుళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ 1948లో వాటిని బాగుచేయ పూనుకున్నది. ఎగరడానికి మాత్రం సరిపడేలా సవరించిన ఆ శిథిలాలను ఒక్కొక్కటిగా కాన్పూరు నుండి బెంగుళూరుకు నడిపించినవాడు జంషెడ్ మున్షీ. ఆ సాహసానికి దక్కవలసిన కీర్తి దక్కలేదనే చెప్పాలి. అక్కడ పునర్జన్మ పొందిన లిబరేటర్లు 1968 వరకు భారత వాయుసేనలో పనిచేశాయి. ఇతర దేశాలు తమ లిబరేటర్లను తుక్కుకింద కరిగించుకోగా, ఈ జాతి ప్రతులు కొన్ని మిగలడానికి మన దేశమే కారణమైంది. 1974లో బ్రిటన్ ప్రదర్శనశాలకు చేరిన విమానానికి బ్రిటిష్ సేనలో కె.ఎన్. 751, మన సేనలో హెచ్.ఇ. 807 అని సంఖ్యలు. అమెరికాకు చేరిన మరొకటి మరల ఎగురసాగిన 1989 నుండి మూడు పేర్లు, మూడు వేషాలు మార్చింది. ఆ వేషాలేవీ భారతదేశంలో అది చేసిన సేవను చెప్పేవి కావు.

మన దేశంలోనూ ఇటువంటి ఉదాహరణ ఉన్నది. 1947 అక్టోబరు 27న శ్రీనగర్‌కు తొలి సైనికులను చేర్చిన డకోటా సంఖ్య వి.పి. 905. బ్రిటన్‌లో బాగుచేయించి, 2018లో వాయుసేనకు బహూకరించిన డకోటాపై అదే సంఖ్య వేశారు. అది ఆనాటి విమానం కాదు. దాని స్మృతికి నిలిపిన ప్రతీక. గౌరవార్థం పేరు పెట్టడం మన ఇళ్ళలోనూ ఉన్నదే. తాతపేరు పెట్టుకున్న మనుమడిని ఎవరూ తాత అనుకోరు. విమానం విషయంలో మాత్రం, విడమరచి చెప్పకపోతే, రెండు తరాలు గడిచేసరికి మనుమడే తాతగా చెలామణి అయ్యే ప్రమాదం ఉన్నది.

కురబలకోట, మదనపల్లె విద్యార్థులకు విశాఖ దూరమైనా బెంగుళూరు చేరువే. లిబరేటర్లను బాగుచేసిన ఆ సంస్థ వారసురాలు 2001లో అక్కడ తెరచిన ప్రదర్శనశాలలో, 1961లో తొలిసారి ఎగిరిన మారుత్ యుద్ధవిమానాన్ని చూడవచ్చు. ప్రదర్శనశాలల్లో ఎదుట ఉండే పలక సాధారణంగా జాతి పేరునే చెబుతుంది. ఆ ఒక్క విమానపు సంఖ్యను తోకకు దగ్గరగా వెదకి, పలకతో పోల్చి, రాసుకోవలసినవారు చూపరులే.