పాఖాల: మనిషి కట్టిన అడవి చెరువు

శాటిలైట్ మ్యాప్‌లో నర్సంపేట నుంచి కొంచెం తూర్పుకి జరగండి. ముదురు ఆకుపచ్చ మధ్యలో నీళ్లు కనిపిస్తాయి. అదే పాఖాల. మా క్లాసులో చాలామంది దాన్ని నేచురల్ లేక్ అనే అనుకుంటారు. చుట్టూ ఉన్న గుట్టలు, టేకు చెట్లు, వెదురు చూస్తే అలాగే అనిపిస్తుంది మరి. కానీ అది 1213 ప్రాంతంలో, కాకతీయ గణపతిదేవుడి కాలంలో కట్టిన చెరువు.

దాన్ని కట్టిన పద్ధతి నాకు భలే నచ్చింది. ఇన్ని నీళ్లు ఆపాలంటే ఎంత గోడ కట్టాలో అనుకుంటాం. వాళ్లు గుట్టల్నే గోడలుగా వాడుకున్నారు. వాగు బయటికి పోయే వైపు మాత్రం కట్ట వేశారు. పొలాలకు నీళ్లు వదలడానికి తూములు, ఎక్కువైతే పొర్లిపోవడానికి మత్తడి. అంతే! చెరువు విస్తీర్ణం మాత్రం దాదాపు 30 చదరపు కిలోమీటర్లు. మేం రాసే ప్రోగ్రాములు సెమిస్టర్ దాటితే రన్ అవ్వవు, ఇది 800 ఏళ్లుగా నడుస్తోంది. అప్పట్లో చెరువు తవ్వించడాన్ని సప్తసంతానాల్లో ఒకటిగా లెక్కేసేవారు, అంటే కొడుకుతో సమానం.

కట్టింది వరి కోసమే అయినా, లాభపడింది రైతులొక్కరే కాదు. ఇది ఆకురాల్చే అడవి. ఎండాకాలంలో టేకు చెట్లు మోడుల్లా నిలబడతాయి, చిన్న వాగులు ఎండిపోతాయి. అప్పుడు అడవి జంతువులకు చెరువే దిక్కు. నీళ్లు వెనక్కి తగ్గేకొద్దీ తడి నేల బయటపడి పచ్చిగడ్డి మొలుస్తుంది, దానికోసం దుప్పులు వస్తాయి. చిరుతలు, ఎలుగుబంట్లు, కొండచిలువలు కూడా ఈ అడవిలో ఉన్నాయి. చెరువులో మొసళ్లున్నాయి. కదలని మంచినీళ్లు వాటికి ఇష్టం, గుడ్లు మాత్రం ఒడ్డున గుంత తవ్వి పెడతాయి. నేను వెళ్లినప్పుడు ఒక్కటీ కనబడలేదు, నీటికాకులు మాత్రం రెక్కలు చాపి ఆరబెట్టుకుంటూ కూర్చున్నాయి. 1952లో ఈ ప్రాంతాన్ని అభయారణ్యంగా ప్రకటించారు.

అడవికి చెరువు ఎంత అవసరమో, చెరువుకీ అడవి అంతే అవసరం. ఈ సంగతి మనం పెద్దగా పట్టించుకోం. వేళ్లు, రాలిన ఆకులు మట్టిని పట్టి ఉంచుతాయి. గుట్టల మీద చెట్లు కొట్టేస్తే ప్రతి వానకీ ఆ మట్టంతా కొట్టుకొచ్చి చెరువు అడుగున పేరుకుంటుంది. కట్ట ఎత్తు అంతే ఉంటుంది, నీళ్లు పట్టే చోటే తగ్గిపోతుంది. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీయడం పెద్ద పని. కానీ పైన గుట్టలు బోడి అయితే తీసిన పూడిక మళ్లీ వస్తుంది. కట్ట రిపేర్ చేయడానికి ఇంజనీర్లున్నారు, మనమూ రేపు అదే అవుతాం. కానీ 800 ఏళ్ల అడవిని ఏ టెండర్ పిలిచి తెప్పిస్తాం?

వెళ్లాలనుకుంటే నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్యలో వెళ్లండి, వలస పక్షులు కనిపిస్తాయి. పొద్దున్నే వెళ్తే ఇంకా మంచిది. చిప్స్ ప్యాకెట్లు తిరిగి బ్యాగులోనే పెట్టుకోండి. ఫొటో కోసం మాత్రం నీళ్లలోకి దిగొద్దు. నాకు కనబడనంత మాత్రాన మొసళ్లు లేవని కాదు.